మజ్జిగ బల్ల వెనక నిలబడ్డవాళ్ళ కొలతలు

చెన్నైలో ఆరోగ్య శిబిరాలు నడిపే తెలుగు సంఘాల పెద్దలకు నమస్కారం.

నేను పెరంబూరులో ఉంటాను. మీ సంఘాల్లో ఒకదానిలో పద్నాలుగేళ్ళుగా సభ్యురాలిని. చందా బాకీ లేదు. ఏ సంఘమో చెప్పను, ఎందుకంటే నా గొడవ ఒక్క సంఘంతో కాదు. టీ నగర్ నుంచి ఆవడి దాకా నేను చూసిన శిబిరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. బ్యానరు, జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఈసీజీ బల్ల, మధ్యాహ్నం పులిహోర. మంచి పనే. నేనూ అందులో తిరిగినదాన్నే. అందుకే ఈ ఉత్తరం కాస్త చనువుతో రాస్తున్నాను. ఆ శిబిరాల్లో మన ఆడవాళ్ళ గుండె సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే నా గొడవ.

పోయిన ఏడాది ఉగాది శిబిరంలో మా అన్నయ్యకు అన్నీ చూశారు. బీపీ, షుగరు, బరువు, ఈసీజీ. చివర్లో డాక్టరుగారు నడుముకి టేపు చుట్టి, పొట్ట మీద చిన్నగా తట్టి, "బోండాలు తగ్గించండి సార్" అన్నారు. అన్నయ్య ఆ కబురు నెల రోజులు అందరికీ చెప్పుకున్నాడు. బోండాలు మాత్రం తగ్గించలేదు.

మా వదిన అదే హాల్లో, యాభై అడుగుల దూరంలో, మజ్జిగ బల్ల వెనక ఉంది. పొద్దున్న ఆరింటికి పులిహోర కలపడానికి వచ్చి, మూడింటికి గిన్నెలు లెక్కపెట్టుకుని వెళ్ళింది. టోకెన్ తనూ తీసుకుంది. 112వ నంబరు. ఆ నంబరు పిలిచేసరికి చేతిలో గరిటె ఉంది. "నాకేముందిలే, తర్వాత చూపించుకుంటా" అంది. ఆ బల్ల వెనక ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. అందరూ ఆడవాళ్ళే, అందరూ నలభై అయిదు దాటినవాళ్ళే. ఒక్కరి చేతికీ బీపీ పట్టీ కట్టలేదు.

అయిదు నెలల తర్వాత మా వదినకి మెట్లెక్కుతుంటే ఆయాసం, దవడ కింద లాగుతున్నట్టు నొప్పి. ఒకచోట గ్యాస్ అన్నారు. ఒకచోట ఈ వయసులో టెన్షన్ మామూలే అన్నారు. మూడోచోట యాంజియో చేసి రెండు స్టెంట్లు వేశారు. వయసు 53. ఇప్పుడు బాగానే ఉంది, పొద్దున్నే పార్కులో నడుస్తోంది, మళ్ళీ మీ పులిహోర కలపడానికి సిద్ధంగా కూడా ఉంది.

ఆ రోజు టేపు చుట్టి ఉంటే స్టెంట్లు తప్పేవని నేననను. అలా ఎవరూ అనలేరు. కానీ ఆస్పత్రిలో పక్కన కూర్చున్నప్పుడు నేనే దర్జీ టేపుతో ఆవిడ నడుము కొలిచాను. 96 సెంటీమీటర్లు. రెండో కాన్పప్పుడు షుగరు వచ్చి, పురుడయ్యాక పోయింది. నలభై ఆరో ఏట నెలసరి ఆగింది. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి మిషన్ అక్కర్లేదు, ఒక టేపు, రెండు ప్రశ్నలు చాలు. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్నలు ఆవిడని ఒక్కరూ అడగలేదు.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను డాక్టరుని కాను. ఒక వైద్య కళాశాల ఫార్మకాలజీ విభాగంలో 27 ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఎలుక గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని తీసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, 37 డిగ్రీల వెచ్చటి లవణ ద్రావణంలో, ఆక్సిజన్ బుడగల మధ్య, రెండు కొక్కేలకు తగిలించి వేలాడదీయడం నా పని. ఆర్గన్ బాత్ అంటారు దాన్ని. ఒక మందు చుక్క వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, ఇంకో మందు వేస్తే వదులవుతుంది. ఆ లాగుడంతా గీతగా పడుతుంది.

ఉంగరం కోసేముందు ఒక పని ఉండేది. ధమని చుట్టూ కొవ్వు అంటుకుని ఉంటుంది, పనసతొన చుట్టూ పీచులా. సన్నటి చిమటాతో దాన్ని ఒలిచి పారేయాలి. 'క్లీన్ చేయడం' అనేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. ఎంత నున్నగా ఒలిస్తే అంత పనిమంతులన్నమాట. నేను చాలా నున్నగా ఒలిచేదాన్ని. నాళం చుట్టూ ఉండే కొవ్వు ఒట్టి సరంజామా, గాజుగ్లాసులు పగలకుండా చుట్టూ పెట్టే గడ్డి లాంటిది అనుకునేవాళ్ళం.

మరో సంగతి. ఆ ఎలుకలన్నీ మగవే. ఆర్డరు ఫారంలోనే అలా రాసి ఉండేది. ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకో ఋతుచక్రం నడుస్తుంది, హార్మోన్లు మారుతుంటే ఫలితాలు చెదిరిపోతాయి అని చెప్పేవారు. నేను నమ్మాను. ఎలుకల మీద వచ్చిన దాదాపు మూడు వందల పరిశోధన పత్రాలను 2014లో కలిపి లెక్కవేస్తే, ఆడ చుంచెలుకల ఫలితాల్లో చెదురు మగవాటి కంటే ఎక్కువేం లేదని తేలింది. అంటే అన్నేళ్ళూ ఒక అనుమానాన్ని నియమంగా పాటించామన్నమాట.

పారేసిన వాటిలోనే విషయం ఉండడం ఈ రంగంలో కొత్త కాదు. నాళం లోపలివైపు ఒక పల్చటి పొర ఉంటుంది. ఉంగరాలు తయారు చేసేటప్పుడు అది తెలియకుండానే రుద్దుకుపోయేది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఆ పొర ఉంటేనే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి నాళం వదులవుతుందని, పోతే వదులవదని చూపించారు. ఆ పొర విడుదల చేసేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తెలిసింది, 1998లో నోబెల్ వచ్చింది. సరే, లోపలి పొర విషయంలో బుద్ధి తెచ్చుకున్నాం. బయటి కొవ్వును మాత్రం ఒలుస్తూనే ఉన్నాం. 1991లో సోల్టిస్, కాసిస్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒలవకుండా వేలాడదీసి చూశారు. నాళాన్ని బిగించే నార్‌ఎపినెఫ్రిన్ వేస్తే, కొవ్వుతో ఉన్న ధమని తక్కువగా బిగుసుకుంది.

ఈ సంగతి మా ల్యాబుకి చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక సాయంత్రం మా మేడం "ఇవాళ ఒక ఉంగరం ఒలవకుండా వెయ్యండి" అన్నారు. వేశాను. అదే మందు, అదే మోతాదు. ఒలిచిన ఉంగరం గీత పైకి లేచి నిలబడింది. ఒలవని దాని గీత సగంలోనే ఆగిపోయింది. నేను కొక్కెం సరిగ్గా తగల్లేదేమో అనుకుని రెండుసార్లు చూసుకున్నాను. అన్నేళ్ళుగా చెత్తబుట్టలో వేసింది ఏమిటో అప్పుడు అర్థమయింది.

ఆ కొవ్వు చేసే పని ఇది. మంచి రోజుల్లో అది పక్కింటి పెద్దమ్మ లాంటిది. నాళం అనవసరంగా బిగుసుకుంటుంటే "ఎందుకమ్మా అంత కంగారు" అని సర్దిచెబుతుంది. కొవ్వు కణాలు తయారుచేసే అడిపోనెక్టిన్ అనే హార్మోను, నైట్రిక్ ఆక్సైడ్, ఆఖరికి కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా చిటికెడు చిటికెడు వదిలి నాళం కండరాన్ని సడలిస్తుంది. నాళానికీ ఆ కొవ్వుకీ మధ్య గోడ లేదు, ఏది వదిలినా నేరుగా లోపలికి పోతుంది. చిక్కంతా అక్కడే. ఒంట్లో చక్కెర, కొవ్వుల లెక్క తప్పినప్పుడు ఆ కొవ్వు కణాలు ఉబ్బుతాయి, వాటికే ఆక్సిజన్ చాలదు, తెల్లకణాలు వచ్చి చేరతాయి, వాపు పుడుతుంది. అడిపోనెక్టిన్ తగ్గి, వాపు పెంచే రసాయనాలు పెరుగుతాయి. అదే పెద్దమ్మ అదే గోడలేని పెరట్లోంచి ఇరవై నాలుగు గంటలూ తగువు పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా.

ఇది ఎలుకల ముచ్చటే అనుకోకండి. 2009లో మాంచెస్టర్ పరిశోధకులు మనుషుల పిరుదుల దగ్గర నుంచి చిన్న నాళాలు తీసి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చుట్టూ ఉన్న కొవ్వు నాళాన్ని సడలించింది. లావుగా ఉండి మెటబాలిక్ సిండ్రోమ్ (అదేమిటో కింద చెబుతాను) ఉన్నవాళ్ళలో ఆ గుణం పోయింది. నాకు బాగా నచ్చింది మాత్రం అదే బృందం 2013లో చెప్పిన మాట. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని ఆరు నెలలకు మళ్ళీ చూశారు. వాళ్ళింకా లావుగానే ఉన్నారు. అయినా నాళం చుట్టూ కొవ్వు తన పాత పని మళ్ళీ మొదలుపెట్టింది. అంటే చెడిన పెద్దమ్మ మళ్ళీ మంచిదవుతుంది. ముందే పట్టుకుంటే అన్నది మీ శిబిరాలకి సంబంధించిన మాట.

మెటబాలిక్ సిండ్రోమ్ అన్న పేరు శిబిరం కరపత్రాల్లో వేస్తాం గానీ అదేమిటో చెప్పం. షుగరు, బీపీ, రక్తంలో కొవ్వుల లెక్క తప్పడాన్ని ఒక గుంపుగా చూడాలని 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా వైద్యుడు అన్నారు. ఇప్పటి లెక్కలో అయిదు గుర్తుల్లో మూడు ఉంటే ఆ సిండ్రోమ్ ఉన్నట్టు. నడుము చుట్టుకొలత, పరగడుపు షుగరు 100 గానీ ఆపైన గానీ, బీపీ 130/85 గానీ ఆపైన గానీ, రక్తంలో తిరిగే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 150 గానీ ఆపైన గానీ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. ఈ అయిదింటిలో రెండింటికి ఆడా మగా గీతలు వేరు. నడుము విషయంలో మన దక్షిణాసియా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. మంచి కొలెస్ట్రాల్, అదే హెచ్‌డీఎల్, మగవాళ్ళకి 40 లోపైతే తక్కువ, ఆడవాళ్ళకి 50 లోపైనా తక్కువే. మీ శిబిరం కార్డు మీద ఏముందో తీసి చూడండి. నా దగ్గరున్న మూడు కార్డుల్లోనూ హెచ్‌డీఎల్ పక్కన "40 పైన ఉండాలి" అని ఒకటే గీత. మా వదిన కార్డు ఖాళీ అనుకోండి. కానీ 44 వచ్చిన ఆడమనిషి ఆ కార్డు చూసుకుని "బాగానే ఉంది" అని మడిచి పర్సులో పెట్టుకుంటుంది.

ఇక ఆడవాళ్ళ విషయంలో ఈ కొవ్వు కథ ఎందుకు వేరో చెబుతాను. నెలసరి ఉన్నన్నాళ్ళు ఈస్ట్రోజెన్ కాస్త అండగా ఉంటుంది. కొవ్వును తుంటికి, తొడలకి పంపుతుంది, పొట్ట లోపల పేరుకోనివ్వదు. నాళంలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి సాయపడుతుంది. అడిపోనెక్టిన్ కూడా మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఎక్కువే. అందుకే 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు ఆడవాళ్ళకి మగవాళ్ళ కంటే తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు కనబడింది. ఈ తొమ్మిదేళ్ళ వెసులుబాటునే మనం "ఆడవాళ్ళకి గుండెజబ్బు రాదు" అని చదువుకున్నాం.

నెలసరి ఆగే కాలానికి కొవ్వు ఇల్లు మారుతుంది. తుంటి దగ్గర నుంచి పొట్ట లోపలికి, గుండె చుట్టూకి, నాళాల చుట్టూకి. అమెరికాలో మధ్యవయసు ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చిన స్వాన్ అధ్యయనంలో, నెలసరి ఆగినవాళ్ళకి, ఆగబోతున్నవాళ్ళకి గుండె చుట్టూ కొవ్వు మిగతావాళ్ళ కంటే ఎక్కువ కనబడింది. అమెరికాలోనే ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనంలో మూడు వేల మందిని స్కాన్ చేసి 2007లో చెప్పింది ఇంకో ముక్క. పొట్ట లోపలి కొవ్వుకీ బీపీ, షుగరు వంటి వాటికీ ఉన్న లంకె మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో గట్టిది. అంటే అదే కొవ్వు, ఆడవాళ్ళ ఒంట్లో ఎక్కువ చేటు లెక్కతో వస్తోంది. షుగరు సంగతి కూడా అంతే. 2014లో 64 అధ్యయనాలు, ఎనిమిదిన్నర లక్షల మంది లెక్కలు కలిపి చూస్తే, షుగరు వల్ల గుండెజబ్బు ముప్పు మగవాళ్ళలో 2.16 రెట్లయితే ఆడవాళ్ళలో 2.82 రెట్లయింది. దీనికి కొందరు చెప్పే కారణం, షుగరు అని తేలేనాటికే ఆడవాళ్ళ ఒంట్లో బరువు, బీపీ, కొలెస్ట్రాల్ మగవాళ్ళ కంటే ఎక్కువగా చెడి ఉంటాయని. లోపల చెడుతున్న ఆ కొన్నేళ్ళూ పైకి ఏమీ కనబడదు. కనబడేదల్లా జాకెట్టు బిగుతవడం ఒకటే.

జాకెట్టు బిగుతైతే మనమేమంటాం? మగవాడికైతే బొజ్జ వచ్చింది, డాక్టరుకి చూపించుకో అంటాం. ఆడమనిషికైతే "కాస్త ఒళ్ళు చేసింది, కాన్పుల తర్వాత మామూలే" అంటాం.

బరువు మిషన్ ఈ తేడా చెప్పదు. మనవాళ్ళ ఒంటి తీరే అంత. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ ఇద్దరికీ బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఒకరికి 21.2 శాతం, ఇంకొకరికి 9.1 శాతం. ఎక్కువున్నది మన యాజ్ఞిక్‌గారికని వేరే చెప్పక్కర్లేదు. 2004లో వాళ్ళు తమ ఫొటోతో సహా పత్రికలో అచ్చువేయించుకున్న ఈ పోలిక చాలామంది చూసే ఉంటారు. గొప్ప పోలికే. ఇద్దరూ మగవాళ్ళేనన్నది నేను పదోసారి చూసినప్పుడు గాని నాకే తట్టలేదు.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మొదటిసారి నడుము, తుంటి కొలిచింది. ఆ నిష్పత్తి ముప్పు గీత దాటినవాళ్ళు ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 48 శాతం. ఇంత పెద్ద సర్వే కూడా ఆడవాళ్ళ నడుము 49 ఏళ్ళ దాకానే కొలిచింది. మన దేశంలో నెలసరి ఆగేది సగటున 46, 47 దగ్గర. కొవ్వు ఇల్లు మారే సమయానికి టేపు ఆగిపోయింది. ఆ పనికి ప్రభుత్వాన్ని అడగాల్సినవాళ్ళు అడుగుతారు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను, ఎందుకంటే ఆ వయసు ఆడవాళ్ళు మీ హాల్లోనే, మీ బల్ల వెనకే ఉన్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. టేపు బల్ల ఆడవాళ్ళకి వేరే పెట్టండి, చుట్టూ తెర కట్టండి, కొలిచేది ఆడమనిషై ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది నాకు తెలుసు. చీర కుచ్చిళ్ళ మీద నుంచి టేపు వేసి, ఇద్దరూ ఇబ్బందిపడి, ఏదో ఒక అంకె రాసి పంపేస్తున్నారు. లేదా ఆ గడి ఖాళీ. కుచ్చిళ్ళు, లంగా బొందు ముడి కలిస్తే రెండు మూడంగుళాలు అక్కడే పోతాయి. సరైన చోటు అది కాదు కూడా. అడుగున ఉన్న పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు నొక్కకుండా, చర్మం మీద లేదా పల్చటి బట్ట మీద చూడాలి. చీర బొడ్డు కింద కట్టినా పైన కట్టినా ఈ చోటు మారదు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలన్నర. సిగ్గుపడతారంటారేమో. ఏడాదికి నాలుగు జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు టేపుకి సిగ్గుపడరు, హాలు మధ్యలో అందరి ఎదుట నిలబెడితే పడతారు.

కార్డు మీద రెండు ప్రశ్నలు చేర్చండి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు గానీ బీపీ గానీ వచ్చిందా? నెలసరి ఆగిందా, ఏ వయసులో? గర్భం నాటి షుగరు పురుడయ్యాక పోయిందని మనవాళ్ళు మరిచిపోతారు. ఆ తర్వాత జీవితంలో షుగరు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఏడు రెట్లు పైనే. కడుపుతో ఉన్నప్పుడు గుర్రపు వాతం లక్షణాలతో (డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు) బీపీ వచ్చినవాళ్ళకి తర్వాత గుండెజబ్బు ముప్పు రెండింతలు. ఈ విషయంలో మనం తలెత్తుకోవాల్సిన ఊళ్ళో ఉన్నాం. గర్భిణులకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూసే తేలిక పరీక్షను ప్రచారం చేసిన డాక్టర్ శేషయ్య పనిచేసింది చెన్నైలోనే. తమిళనాడు గర్భిణులందరికీ షుగరు పరీక్ష 2007లోనే మొదలుపెట్టింది. పరీక్ష చేసే ఏర్పాటు ఉంది, ఇరవై ఏళ్ళ తర్వాత అది గుర్తుపెట్టుకుని అడిగేవాళ్ళే లేరు. అందుకే అడగమంటున్నాను.

శిబిరం వేళ కూడా మార్చాలి. పది గంటలకి, ఇడ్లీ టోకెన్ అయ్యాక చేసే షుగరు పరీక్షలో పరగడుపు అంకె రాదు. ఆరున్నరకే మొదలుపెట్టి, మొదటి గంట వంట, వడ్డన చేసేవాళ్ళకి కేటాయించండి. వాళ్ళెలాగూ ఆ వేళకి వచ్చే ఉంటారు. వాళ్ళు చూపించుకున్నాకే పొయ్యి వెలగాలి. టిఫిన్ ఓ గంట ఆలస్యమైతే అధ్యక్షులవారికి కోపం రావచ్చు. రానివ్వండి.

పోయిన సమావేశంలో ఒకాయన "ఆడవాళ్ళకి విడిగా మహిళా ప్యాకేజీ ఉందిగా" అన్నారు. చూశాను ఆ ప్యాకేజీ. రొమ్ము, గర్భాశయ క్యాన్సర్ పరీక్షలు, థైరాయిడ్, ఎముకల స్కాన్. అన్నీ కావాల్సినవే, ఒక్కటీ తీసేయొద్దు. కానీ మగవాళ్ళ ప్యాకేజీలో ఉన్న ఈసీజీ, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ పరీక్ష అందులో లేవు. ఆడమనిషికి గుండె ఉండదన్నట్టుంది. ఇంకొకాయన ఉత్సాహంగా, ఏదో స్కానింగ్ సెంటరువాళ్ళతో మాట్లాడి గుండె నాళాల సీటీ తక్కువ ధరకి చేయిస్తానన్నారు. నిజమే, గుండె నాళాల చుట్టూ కొవ్వు ఎంత వాచిందో సీటీలో చూసే పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు తెచ్చారు. వాచిన నాళం పక్కన కొవ్వులో నీటి శాతం ఎక్కువై స్కాన్‌లో ఛాయ మారుతుంది. 2018లో వాళ్ళ ఫలితాలు చదివినప్పుడు, చిమటాతో ఒలిచిన నా చేతులు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగిపోయాను. కానీ అది శిబిరంలో పంచిపెట్టే వస్తువు కాదు. రేడియేషన్, డై ఉంటాయి. ఛాతీలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి డాక్టరు రాస్తే చేయించాలి. ఆ డబ్బుతో మన మహిళా సభ్యులందరికీ పరగడుపు లిపిడ్ పరీక్ష చేయించవచ్చు.

టేపు గీత దాటితే జబ్బున్నట్టు కాదనీ, అదొక గుర్తు మాత్రమేననీ కార్డు ఇచ్చేటప్పుడే చెప్పాలి. లేకపోతే హడలిపోయి మూణ్ణెల్లు అన్నం మానేసేవాళ్ళుంటారు. 80 దాటిన ప్రతివాళ్ళకీ మిగతా నాలుగు గుర్తులు చూడాలి. మూడు కలిస్తే పేరు, ఫోన్ రాసుకుని, మూణ్ణెల్లకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. మళ్ళీ చూపించుకోవడానికి దూరం అనేవాళ్ళకి మీ పేటలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం సంగతి చెప్పండి. 2021 నుంచి ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మందులిచ్చే ప్రభుత్వ పథకం ఉంది. మనవాళ్ళలో చాలామందికి అది తమిళంవాళ్ళ కోసమన్న భ్రమ ఉంది. ఎవరికైనా ఇస్తారు.

దవడనొప్పి, ఆయాసం, వికారం, చెప్పలేనంత అలసట కూడా గుండె సంగతే కావచ్చునని మైకులో ఒక్క రెండు నిమిషాలు తెలుగులో చెప్పండి. ఛాతీ నొప్పి ఆడవాళ్ళకీ వస్తుంది, అందరిలాగే. కానీ ఇవి మాత్రమే వచ్చినవాళ్ళు గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంటున్నారు. సన్మాన పత్రాలు చదవడానికి ఇరవై నిమిషాలు పడుతోంది కదా, అందులోంచి తగ్గించండి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభ స్థాపించిన ఊరు ఇది, 1937లో. మన సంఘాల మహిళా విభాగాలకి ఇవాళ ముగ్గుల పోటీ, వంటల పోటీ తప్ప బడ్జెట్ లేదు. ఇది వేరే ఉత్తరంలో రాస్తాను.

వచ్చే శిబిరానికి తెర బట్టలు, ఆరు టేపులు నేను తెస్తాను. చుట్టుకొలత చూడడం తెలిసిన నర్సులు ఇద్దరు రిటైరయి అయనావరంలో ఉన్నారు, వాళ్ళని ఒప్పించాను. ఇంకో నలుగురికి నేను నేర్పుతాను, అరగంట చాలు. కార్డు నమూనా రాసి ఈ ఉత్తరంతో పాటు కార్యదర్శుల చేతికి ఇస్తున్నాను. అచ్చుకి వెళ్ళేముందు హెచ్‌డీఎల్ దగ్గర రెండు గీతలు ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.

మా వదిన ఈసారి కూడా పులిహోర కలుపుతానంటోంది. తన టోకెన్ ఒకటో నంబరు కావాలంది.

మీ సభ్యురాలు,
పెరంబూరు, చెన్నై